రోటరీ పాలిషర్ కొనేటప్పుడు వాట్లు చూడాలా, వేగం చూడాలా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. సొంత కారుకీ, అడిగిన స్నేహితుల కార్లకీ కొన్నేళ్లుగా డ్యూయల్ యాక్షన్ (డీఏ) పాలిషర్‌తో, అంటే ప్యాడ్ తిరుగుతూనే పక్కలకు ఊగే యంత్రంతో, నేనే పాలిష్ చేస్తున్నాను. నా దగ్గర ఉన్నది 15 మి.మీ. త్రో (ప్యాడ్ పక్కలకు ఊగే మేర) ఉన్న యంత్రం. కారు కడిగేటప్పుడు, తుడిచేటప్పుడు పడే సన్నటి గీతలకూ, నీటి మరకలకూ అది చక్కగా సరిపోతోంది. అయితే ఈమధ్య కొత్తగా పెయింట్ వేయించిన ఒక బానెట్ మీద దుమ్ము నలకలు, ఆరెంజ్ పీల్ (నారింజ తొక్కలాంటి గరుకు) తీసేయడానికి ముందు 2000 నంబరు వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం), తరువాత 3000 నంబరు పేపర్ పట్టించాను. ఆ పేపర్ గీతలను డీఏతో తీయబోతే ఒక్కొక్క అడుగు మేర భాగం మీద చాలాసేపు నిలబడవలసి వస్తోంది. ఒంపు తిరిగిన చోట కాస్త గట్టిగా నొక్కగానే ప్యాడ్ తిరగడం మానేసి ఊరికే అదురుతోంది. అందుకని ఇలాంటి పనులకు ఒక రోటరీ (ప్యాడ్ ఒకే ఇరుసు చుట్టూ తిరిగే పాలిషర్) కొనుక్కోవాలని నిర్ణయించుకున్నాను.

ప్రస్తుతం రెండు రకాల మధ్య ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. ఒకటి 1400 వాట్ల యంత్రం, 180 మి.మీ. ప్లేటు (ప్యాడ్‌ను అంటించే చక్రం), నిమిషానికి 1000 నుంచి 3000 చుట్లు, బరువు మూడు కిలోలు. రెండోది 1200 వాట్లది, 150 మి.మీ. ప్లేటు, 500 నుంచి 1800 చుట్ల లోపే తిరుగుతుంది, బరువు రెండు కిలోల పైచిలుకు. శక్తిలోనూ, వేగంలోనూ మొదటిదే మెరుగని కాగితం మీద కనిపిస్తోంది కాబట్టి దానివైపే మొగ్గాలా? వాట్లు ఎక్కువైతే పని నిజంగానే తొందరగా అవుతుందా? ఇంట్లో ఒక యాంగిల్ గ్రైండర్ కూడా ఉంది. దానికి వేగం తగ్గించే రెగ్యులేటర్ బిగించి సరిపెట్టుకోవచ్చని ఒకరు సలహా ఇచ్చారు. దాని గురించి కూడా తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం 1

మీరు రెండో యంత్రం తీసుకోండి. కారణం వివరంగా చెబుతాను, ఎందుకంటే రోటరీ కొనేవారిలో చాలామంది చూడవలసిన అంకెను వదిలేసి, చూడనక్కరలేని అంకెను చూస్తున్నారు. పాలిషర్ డబ్బా మీద పెద్ద అక్షరాలతో వేసేది వాట్లు, గరిష్ఠ వేగం. మన పనిని నిర్ణయించేది మాత్రం ఆ యంత్రం ఎంత నెమ్మదిగా తిరగగలదు, ఆ నెమ్మదిలో ప్యాడ్‌ను పెయింట్‌కు ఆనించినప్పుడు వేగం తగ్గకుండా ఎంతవరకు నిలబడగలదు అన్నదే.

కారు పెయింట్ మీద రోటరీతో చేసే పనిలో అధిక భాగం 1000 నుంచి 1500 చుట్ల మధ్య జరిగిపోతుంది. కాంపౌండ్ (గీతలను అరగదీసే ముద్ద) పరచడానికి 600 చుట్లు చాలు. పేపర్ గీతలు తీసే గట్టి కోతకు 1800 దాకా వెళ్లవలసిన సందర్భాలు ఉంటాయి గాని, 3000తో కారు మీద మనకు పని లేదు. ప్యాడ్ అంచు పెయింట్ మీద ఎంత జోరుగా రాసుకుంటుందో లెక్కగట్టి చూడండి. 150 మి.మీ. ప్యాడ్ 1500 చుట్లు తిరిగితే దాని అంచు సెకనుకు సుమారు 12 మీటర్ల వేగంతో కదులుతుంది. 180 మి.మీ. ప్యాడ్ 3000 చుట్లు తిరిగితే ఆ వేగం 28 మీటర్లు దాటుతుంది. ఆ రాపిడి అంతా వేడిగా మారి చేరేది కొన్ని పదుల మైక్రాన్ల (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) మందం మాత్రమే ఉన్న క్లియర్ కోట్‌లోకి, అంటే రంగు మీది పారదర్శకమైన పొరలోకి. కాబట్టి మీరు చెప్పిన మొదటి యంత్రంలో పైసగం వేగం మీకు అక్కరకు రాదు, తప్పనిసరిగా కావలసిన 1000 లోపు వేగమేమో అందులో లేనే లేదు. 1000 దగ్గర మొదలయ్యే యంత్రంతో కాంపౌండ్ పరచబోతే అది ప్యాడ్ కిందినుంచి చిమ్మి అద్దాల మీదా, రబ్బరు బీడింగుల మీదా, మీ చొక్కా మీదా పడుతుంది.

ఇక ఆ వేగం నిలబడడం సంగతి. నాసిరకం యంత్రాల్లో డయల్ తిప్పితే మోటారుకు వెళ్లే కరెంటు తగ్గుతుంది, అంతే. ప్యాడ్‌ను పెయింట్‌కు ఆనించి కొంచెం బరువు వేయగానే వేగం పడిపోతుంది, మనం డయల్ పెంచుతాం. ఒంపు దాటిన తరువాత చేతి బరువు తగ్గగానే యంత్రం ఒక్కసారిగా పరుగందుకుంటుంది. పెయింట్ కాలిపోయే ప్రమాదం సరిగ్గా ఆ క్షణంలోనే ఉంటుంది. మంచి యంత్రంలో మోటారు వేగాన్ని కొలిచే సెన్సర్ ఒకటి ఉండి, బరువు పడినప్పుడు శక్తిని పెంచి, తీసినప్పుడు తగ్గించి, మనం పెట్టిన వేగాన్నే నిలుపుతుంది. వివరాల పట్టికలో దీన్ని కాన్‌స్టంట్ స్పీడ్ అనో, ఎలక్ట్రానిక్ స్పీడ్ కంట్రోల్ అనో రాస్తారు. ఈ సదుపాయం లేని 1400 వాట్ల యంత్రం కంటే ఉన్న 1000 వాట్ల యంత్రమే మీ పనిని చక్కగా, త్వరగా చేస్తుంది. వాట్లు యంత్రం లాక్కునే కరెంటును చెబుతాయి గాని, ప్యాడ్ దగ్గర అందే బలాన్ని చెప్పవు.

గ్రైండర్ ఆలోచన మాత్రం పూర్తిగా మానుకోండి. 100 మి.మీ. గ్రైండర్ నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరిగేలా తయారవుతుంది. పాలిషర్ లోపలి పళ్ల చక్రాలు వేగాన్ని బాగా తగ్గించి తిప్పే బలాన్ని పెంచుతాయి. గ్రైండర్‌లో వేగాన్ని అంతగా తగ్గించే అమరిక ఉండదు. రెగ్యులేటర్‌తో దాని వేగాన్ని 1500కు దించితే బలం కూడా దాంతోపాటే పోతుంది, ప్యాడ్ ఆనించగానే ఆగిపోతుంది. మోటారును చల్లబరిచే ఫ్యాను కూడా అదే ఇరుసు మీద ఉండడం వల్ల నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు దానికి గాలి చాలక కాయిల్ కాలిపోతుంది. ఒకవేళ రెగ్యులేటర్ పాడై పూర్తి వేగం అందుకుంటే, అంత వేగానికి తయారు చేయని ప్యాడ్ ముక్కలై ఎగురుతుంది. డబ్బు ఆదా చేసుకోవడానికి వేరే దారులు చాలా ఉన్నాయి.

సమాధానం 2

నేను పెయింట్ బూత్ పక్కనే రోజంతా రబ్బింగ్, పాలిష్ పని చేసేవాణ్ని. పైన చెప్పిన వేగం మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. దానికి చేతికి సంబంధించిన సంగతులు కొన్ని జోడిస్తాను.

బానెట్, టాప్ మీద యంత్రం బరువు మనకు భారం కాదు. అక్కడ దాని బరువే ప్యాడ్ మీద కావలసినంత ఒత్తిడి వేస్తుంది, మన చేతులు దారి చూపిస్తే చాలు. డోర్ల దగ్గరకు వచ్చేసరికి లెక్క తలకిందులవుతుంది. నిలువు పలక మీద యంత్రం బరువంతా మణికట్లు మోయాలి, పైగా ప్యాడ్‌ను పలకకు సమంగా ఆనించి ఉంచాలి. రాకర్ ప్యానెల్ (డోర్ల కింద ఉండే పలక) దగ్గర మోకాళ్ల మీద కూర్చుని మూడు కిలోల యంత్రాన్ని పట్టుకున్నవారికి, కొంతసేపటికి ప్యాడ్ తనంతట తానే ఒక పక్కకు ఒరగడం అనుభవంలోకి వస్తుంది. ప్యాడ్ ఒరిగితే అంచు ఒక్కటే పెయింట్‌ను తాకుతుంది, వేడంతా ఆ సన్నటి చారలోనే పుడుతుంది. అందువల్ల రెండు, రెండున్నర కిలోల మధ్య ఉండే యంత్రాన్ని ఎంచుకోవడం సుఖం కోసం మాత్రమే కాదు, పెయింట్ క్షేమం కోసం కూడా.

కొనే ముందు వీలైతే యంత్రాన్ని చేతిలోకి తీసుకుని చూడండి. తలభాగం మీద ఎడమ అరచేయి పెట్టి, కుడిచేత్తో ట్రిగ్గర్ పట్టుకుని, డోరు పాలిష్ చేస్తున్నట్టుగా ఛాతీ ఎత్తున కాసేపు నిలబడండి. తలభాగం పొట్టిగా ఉంటే ప్యాడ్‌కూ చేతికీ మధ్య దూరం తగ్గి అదుపు బాగుంటుంది. ట్రిగ్గర్‌ను కొంచెం నొక్కితే నెమ్మదిగా, పూర్తిగా నొక్కితే డయల్ మీద పెట్టిన వేగంతో తిరిగే యంత్రమైతే మరీ మంచిది. నొక్కగానే ఒక్క ఉదుటున తిరిగే యంత్రాలు కాంపౌండ్ చిమ్ముతాయి, మణికట్టును గుంజుతాయి. వేడిగాలి బయటికి వచ్చే కంతలు మీ ముఖం వైపో, ఎడమచేతి మీదికో ఉన్నాయేమో గమనించండి. ఇలాంటి చిన్న సంగతులు ఏ వివరాల పట్టికలోనూ ఉండవు గాని రోజూ ఇబ్బంది పెట్టేవి ఇవే.

మీ బానెట్ మీద ఉన్న పేపర్ గీతలకు ఊల్ (ఉన్ని) ప్యాడ్ వాడండి. 3000 నంబరు దాకా పేపర్ పట్టించారు కాబట్టి ఊల్ ప్యాడ్‌తో 1200 నుంచి 1400 చుట్ల మధ్య, ఒకటిన్నర అడుగుల చదరం చొప్పున తీసుకుని, చేతిని నెమ్మదిగా జరుపుతూ వెళితే మసక దిగిపోవడం కళ్లముందే కనిపిస్తుంది. ఊల్ దారాల మధ్య గాలి ఆడుతుంది కాబట్టి అదే వేగంలో ఫోమ్ కంటే తక్కువ వేడి పుడుతుంది, కోత మాత్రం ఎక్కువ. ఆ తరువాత మెత్తటి ఫోమ్ ప్యాడ్, సన్నటి పాలిష్‌తో మరోసారి రావాలి. ఊల్ పెట్టిన చోటల్లా దాని జాడలు మిగులుతాయి. వాటిని తీయకుండా వదిలేస్తే నీడలో అద్దంలా మెరిసిన బానెట్ ఎండలోకి రాగానే, మనం తల కదిపినప్పుడల్లా దాని మీద వెలుగు చారలు మనతోపాటు జరుగుతూ కనిపిస్తాయి. అవే హోలోగ్రాములు.

సమాధానం 3

పై ఇద్దరూ యంత్రం గురించి చెప్పారు. యంత్రం కంటే ముందు మీరు కొనవలసిన పరికరం ఒకటుంది, అది పెయింట్ మందం కొలిచే గేజ్. కర్మాగారంలో వేసిన పెయింట్ మొత్తం మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. అందులో క్లియర్ కోట్ వాటా 40, 50 మైక్రాన్లకు అటూ ఇటూగా ఉంటుంది. ఎండ దెబ్బ నుంచి కింది రంగును కాపాడేది ఆ పొరే కాబట్టి దాన్ని చివరిదాకా అరగదీయడానికి వీల్లేదు. మీరు వాటర్ పేపర్ పట్టించినప్పుడే అందులోంచి కొన్ని మైక్రాన్లు పోయాయి. రోటరీ, ఊల్ కలిసి మరికొంత తీస్తాయి. పేపర్ పట్టించక ముందు ఎంత ఉండేదో కొలవలేదు కాబట్టి, అదే సమయంలో పెయింట్ వేసి పేపర్ తగలని పలక ఏదైనా ఉంటే దాన్ని కొలిచి పోల్చుకోండి.

గేజ్ కొనేటప్పుడు అది ఇనుముతోపాటు అల్యూమినియం మీద కూడా పనిచేస్తుందో లేదో చూసుకోవాలి, ఎందుకంటే కొన్ని కార్ల బానెట్లు అల్యూమినియంతో చేస్తారు. మామూలు గేజ్‌లు ప్లాస్టిక్ బంపర్ల మీద పనిచేయవు. ఇవి క్లియర్ కోట్‌ను విడిగా చూపవు, అన్ని పొరలూ కలిపి ఒకే అంకె చూపిస్తాయి. దాన్ని బట్టి క్లియర్ ఎంత మిగిలిందో అంచనా మాత్రమే వేసుకోగలం.

మరొక మాట. రోటరీ వచ్చింది కదా అని డీఏను పక్కన పెట్టకండి. రోటరీతో కోత, డీఏతో ముగింపు అన్న పద్ధతే మీకు నప్పుతుంది. రోటరీ ప్యాడ్ ఒకే ఇరుసు చుట్టూ ఒకే దిక్కున తిరుగుతుంది కాబట్టి దాని గీతలన్నీ ఒకే వరసలో పడి హోలోగ్రాములుగా కనిపిస్తాయి. డీఏ ప్యాడ్ తిరుగుతూనే ఇరుసు పక్కకు జరుగుతుంటుంది కాబట్టి ఆ వరస చెదిరిపోతుంది. రోటరీతోనే హోలోగ్రాము లేకుండా ముగించగల చేయి తిరిగినవారు ఉన్నారు, కాదనను. ఆ నేర్పు అలవడడానికి సమయం పడుతుంది, ఈలోగా పెయింట్‌ను పణంగా పెట్టనక్కరలేదు.

ప్రశ్న అడిగినవారి నుంచి

ముగ్గురికీ కృతజ్ఞతలు. రెండో యంత్రానికే నిశ్చయించుకున్నాను. వివరాల పట్టికలో కాన్‌స్టంట్ స్పీడ్ అని స్పష్టంగా రాసి ఉంది. గేజ్ కూడా తెప్పించుకుంటాను. ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. దానితో వచ్చే బ్యాకింగ్ ప్లేటు 150 మి.మీ.ది, నా దగ్గర ఉన్న ఫోమ్ ప్యాడ్లు కూడా 150 మి.మీ.వే. అవి దానికి సరిపోతాయా? బంపర్ల మీద, డోర్ అంచుల మీద రోటరీ అసలు వాడవచ్చా, లేక అక్కడ డీఏతోనే ఆగిపోవాలా?

సమాధానం 1 రాసినవారి నుంచి

ప్లేటు ఎప్పుడూ ప్యాడ్ కంటే చిన్నదిగా ఉండాలి. 150 మి.మీ. ప్యాడ్‌కు 125 మి.మీ. ప్లేటు తీసుకుంటే చుట్టూ పన్నెండు మి.మీ. పైన ఫోమ్ మిగిలి, యంత్రం ఒరిగినా గట్టి ప్లేటు అంచు పెయింట్‌ను తాకదు. మీ దగ్గర మైక్రోఫైబర్ ప్యాడ్లు కూడా ఉంటే రోటరీకి పెట్టకండి, వాటిని ఎక్కువగా డీఏ కోసం తయారు చేస్తారు. ప్లేటు కొనేటప్పుడు స్పిండిల్ (ప్లేటును బిగించే ఇరుసు) మర చూసుకోవడం మరిచిపోవద్దు. ఎక్కువ దేశాల్లో దొరికే రోటరీలకు ఎం14 (14 మి.మీ.) మర ఉంటుంది. అమెరికా మార్కెట్ కోసం చేసినవాటికి 5/8 అంగుళాల మర ఉంటుంది. ఒకదాని ప్లేటు ఇంకొకదానికి ఎక్కదు. బలవంతంగా తిప్పితే స్పిండిల్ మర చెడిపోతుంది. మరీ గట్టి ప్లేటు కాకుండా అంచులు కాస్త వంగే ప్లేటు అయితే ఫెండర్ ఒంపుల మీద ప్యాడ్ పలకను అంటిపెట్టుకుని ఉంటుంది.

ప్యాడ్‌ను ప్లేటు మీద సరిగ్గా మధ్యకు అంటించడం మీద చాలా శ్రద్ధ పెట్టండి. డీఏలో ప్యాడ్ కొంచెం పక్కకు ఉన్నా అదురు తేడా పెద్దగా తెలియదు. రోటరీలో నాలుగైదు మి.మీ. పక్కకు పోయినా యంత్రం చేతుల్లో ఊగిపోతుంది. ప్యాడ్ మధ్యలో రంధ్రం ఉన్నవి దొరికితే అవే తీసుకోండి. ప్లేటు మధ్య కంతను ఆ రంధ్రంలోంచి చూసి కలిపేసుకోవచ్చు. బిగించిన తరువాత పెయింట్‌కు ఆనించకుండా గాలిలో తక్కువ వేగంతో ఒకసారి తిప్పి, అంచు ఎగిరిపడకుండా ఒకే గీతలో తిరుగుతోందో లేదో చూడండి.

అంచుల విషయానికి వస్తే, పెయింట్ తడిగా ఉన్నప్పుడే పదునైన అంచుల మీదినుంచి పక్కలకు జరిగిపోతుంది కాబట్టి ఆరిన తరువాత అక్కడ పొర పలచగా ఉంటుంది. రోటరీ ముందుగా కాల్చేదీ అక్కడే. డోర్ అంచులకూ, బానెట్ మీది మడత గీతలకూ మాస్కింగ్ టేపు అంటించి, టేపు దగ్గరిదాకా మాత్రమే రోటరీతో వెళ్లండి. చివరగా టేపు తీసి అంచు మీద డీఏతో తేలికగా ఒకసారి చేస్తే చాలు. అంచు దగ్గర ప్యాడ్ ఎప్పుడూ పలక మీదినుంచి బయటికి జారిపోయే దిక్కున తిరుగుతూ ఉండాలి. బయటినుంచి అంచుకు ఎదురుగా వచ్చి కొట్టుకునే దిక్కున తిరిగితే అంచు పెయింట్‌ను లేపేస్తుంది, ఒక్కోసారి యంత్రం చేతిలోంచి గుంజుకుపోతుంది. వైపర్లు, లోగోలు, యాంటెన్నా దగ్గర కూడా ఇదే జాగ్రత్త.

బంపర్ ప్లాస్టిక్ కాబట్టి అక్కడ వేడి మరో విధంగా ప్రవర్తిస్తుంది. ఇనుప పలకలో వేడి నలువైపులకూ పాకిపోతుంది, ప్లాస్టిక్‌లో పుట్టిన చోటే నిలిచిపోతుంది. బానెట్ మీద నిరపాయంగా చేసిన పనినే బంపర్ మీద అలాగే చేస్తే క్లియర్ మెత్తబడి ముడతలు పడవచ్చు. బంపర్ మీద డీఏతోనే ఆగిపోండి. తప్పనిసరై రోటరీ పెట్టవలసి వస్తే 75 మి.మీ. చిన్న ప్లేటు, చిన్న ప్యాడ్ తగిలించండి. అదే 1500 చుట్ల దగ్గర ఆ ప్యాడ్ అంచు వేగం సెకనుకు ఆరు మీటర్లే, పెద్ద ప్యాడ్‌లో సగం. రెండు మూడు సార్లు అటూ ఇటూ జరపగానే ఆపి, అరచేతి వెనుక భాగంతో తాకి చూడండి. చేయి పెట్టి ఉంచలేనంత వేడి అనిపిస్తే చల్లారేదాకా పక్క భాగానికి వెళ్లాలి. లేజర్ చుక్క ఉన్న ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే ఇంకా మేలు.

సమాధానం 2 రాసినవారి నుంచి

యంత్రం వచ్చాక నేరుగా ఆ బానెట్ మీద పెట్టకండి. పాత ఇనుప సామాను కొట్టులో దొరికే ఏదైనా డోరో, ఫెండరో తెచ్చుకుని దాని మీద చేయి తిప్పడం నేర్చుకోండి. దాని మీద ఒక మూలను కావాలనే ఎక్కువసేపు రుద్ది పెయింట్ ఎప్పుడు కాలుతుందో చూడండి. కాలబోయే ముందు ప్యాడ్ శబ్దం మారడం, కాంపౌండ్ జిగురుగా సాగడం, ఒక రకమైన ఘాటు వాసన రావడం ఒకసారి గమనించినవారికి, అసలు కారు మీద ఆ గుర్తులు కనిపించగానే చేయి దానంతటదే పైకి లేస్తుంది.

ఫలితం చూసుకునేటప్పుడు కాంపౌండ్ నూనెలు గీతలను తాత్కాలికంగా కప్పేస్తాయని గుర్తుంచుకోండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఎక్కువ పాళ్లు నీళ్లు కలిపి, మైక్రోఫైబర్ గుడ్డతో ఆ భాగం తుడిచి, ట్యూబు లైటు కింద కాకుండా ఎండలోనో, ఒకే చుక్కగా వెలుగునిచ్చే ఎల్‌ఈడీ టార్చి కిందనో చూడాలి. మీది ముదురు రంగు కారైతే ఈ పరీక్షను ప్రతి చదరం తరువాతా చేయండి, ఎందుకంటే బానెట్ అంతా అయిపోయాక హోలోగ్రాములు కనిపిస్తే మళ్లీ మొదటినుంచి రావాలి, ఆ రెండోసారికి ఇచ్చేంత మందం క్లియర్‌లో మిగలకపోవచ్చు.

ఊల్ ప్యాడ్‌ను ప్రతి రెండు మూడు చదరాలకు ఒకసారి స్పర్ అనే పళ్ల చక్రంతోనో, గట్టి బ్రష్‌తోనో దువ్వి, ఎండిన కాంపౌండ్‌నూ, ఊడిన పెయింట్ పొడినీ దులిపేయండి. అలా చేసేటప్పుడు కళ్లద్దాలు, ముక్కుకు మాస్క్ తప్పనిసరి. యంత్రం తీగను భుజం మీదినుంచి వీపు వైపు వేసుకుంటే అది పెయింట్ మీద ఈడ్చుకుపోదు, ప్యాడ్‌కూ చుట్టుకోదు.